నాన్న కంటికి తిప్పిన జోర్కీ

మా నాన్న కళ్ళు మసకబారుతున్నాయని ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆయనకంటే కూడా ముందే తెలిసిందని నేనంటాను. "ఆయనకి నీకంటే ముందే తెలుసు, ఒప్పుకోడానికే నోరు రాలేదు" అని అమ్మ అంటుంది. మా అమ్మతో వాదించి నెగ్గినవాళ్ళు మద్దిలపాలెం మొత్తంలో లేరు కాబట్టి ఆ సంగతి అక్కడితో వదిలేస్తాను.

అది 1980 వేసవి. బస్సు డిపోకి రెండు వీధుల అవతల మా ఫోటో స్టూడియో ఉండేది. ముందుగది స్టూడియో, మధ్యగది ఇల్లు, వంటింటి పక్కనున్న సామాన్ల గది డార్క్‌రూమ్. కిటికీకి రెండు దుప్పట్లు కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కూరితే పట్టపగలే అందులో కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు. "ఎలుతురు నాది, సీకటి నీది" అని మా నాన్న రత్నరాజు పనులు పంచేశాడు. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది నుంచీ ఫిల్ము కడగడం, ఎన్‌లార్జరుతో బొమ్మ పెద్దది చేసి ప్రింట్లు వెయ్యడం నా పని. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఆ పనిలో నాన్న కూడా నన్ను సలహా అడిగేవాడు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. చెప్పుకుంటున్నాను.

నాన్న కెమెరా పేరు జోర్కీ. హార్బరుకి వచ్చిన రష్యా ఓడలో ఎవరో పనివాడి దగ్గర కొన్నాడు. ఇటుకంత బరువు. "ఇది కింద పడితే నేల పగులుతాది గాని ఇది పగలదు" అనేవాడు. దాంట్లో మనం చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. కిటికీలోంచి చూస్తే మధ్యలో పచ్చటి మచ్చ ఒకటి ఉంటుంది. ఆ మచ్చలో ఎదుటి మనిషి ఇద్దరై కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒక్కరవుతారు. అప్పుడు నొక్కాలి.

చూసే కిటికీ వేరు కావడంతో ఇంకో చిక్కుంది. లెన్సుకి మూత ఉన్నా మనకి లోకమంతా చక్కగానే కనిపిస్తుంది, ఫిల్ము మీద మాత్రం ఏమీ పడదు. అందుకని నాన్నకో పద్ధతి ఉండేది. మొదటి ఫోటో తీసేముందు మూత తీసి పక్క మనిషి అరచేతిలో పెట్టాలి. అరచేతిలో మూత పడితేనే పని మొదలైనట్టు. ఆ పక్క మనిషిని నేనే. పెళ్ళిళ్ళలో, బాప్తీస్మాల్లో ఆ నల్ల మూత పిడికిట్లో బిగించుకుని ఆయన భుజం వెనక నిలబడుతూనే నేను పెద్దదాన్నయ్యాను.

ఆ ఏప్రిల్‌లో సర్కారు ఆఫీసు నుంచి మాకో పెద్ద పని వచ్చింది. స్టీల్ ప్లాంటు కోసం ఖాళీ చెయ్యాల్సిన ఊళ్ళలో ఒకదానికి ఫోటోలు తియ్యాలి. ప్రతి కుటుంబం తన గుమ్మం ముందు, తన నెంబరు రాసిన పలక పట్టుకుని నిలబడాలి. ఇల్లూ కనిపించాలి, మొహమూ కనిపించాలి. వేరే పొయ్యి ఉన్న ఇంటికి కొత్త కాలనీలో వేరే జాగా ఇస్తారట, ఒకటే కుటుంబమని రాసుకుంటే వచ్చేదంతా ఇంటి పెద్ద చేతికేనట. గాజువాకలో బస్సు దిగి తాటితోపుల వెంట నడిచి వెళ్ళేవాళ్ళం. ఊరి పేరు చెప్పినా మీకు తెలియదు, ఇప్పుడది ఏ బస్సు బోర్డు మీదా లేదు.

పొద్దున్న ఎనిమిది దాటితే నాన్న కెమెరా ముట్టేవాడు కాదు. "మిట్ట మద్దేనం తీత్తే మనిషికి కళ్ళుండవు, రెండు బొగ్గులుంతాయి" అనేవాడు. చూరు నీడలో, మెత్తటి వెలుతురులో, లెన్సు బాగా తెరిచి తీసేవాడు. అలా తీస్తే మొహం అందంగా వస్తుంది. అయితే దూరం సరిగ్గా కుదరాలి, ఒక్క జానెడు తేడా వచ్చినా మొహం అలుక్కుపోతుంది.

అరవై ఒకటో నెంబరు ఇల్లు చిలకమ్మది. యాభై ఏళ్ళుంటాయి, మొగుడు పోయి పదేళ్ళు. ఒక్క గది, తాటాకు కప్పు, గుమ్మం పక్కన గోడలో చిన్న దీపం గూడు. పక్కనే ఆమె మరిది నీలకంఠం పెంకుటిల్లు. ఆమె పలక పట్టుకోగానే అతనొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఏరే ఫోటో ఎందుకొదినా? మాతోటి నిలబడు. మనదంతా ఒకటే కుటుంబం గదా."

"ఒకటే కుటుంబమైతే పదేళ్ళబట్టి నా పొయ్యిలో నిప్పు నానెందుకు రాజేసుకుంతన్నాను మరిదీ?" అంది చిలకమ్మ. "నా పొయ్యి నాది, నా గుమ్మం నాది. నువ్వు తియ్యి బాబూ."

నాన్న కెమెరా కంటికి పెట్టుకున్నాడు. రింగు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మళ్ళీ అటు తిప్పాడు. ఆ నిబ్బరం గల మొహాన్ని బాగా తియ్యాలని అంత తాపత్రయపడుతున్నాడనుకుని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్న ఫిల్ము కడిగాను. ఎండాకాలం కదా, నీళ్ళు చల్లబడకపోతే ఫిల్ము మీద పూత ఉడికిపోతుంది. ఫిషింగ్ హార్బరు నుంచి తెప్పించిన ఐసుముక్క చుట్టూ పెట్టి, చెమటలు కక్కుతూ పని చేసేదాన్ని. చిలకమ్మ ప్రింటు ఎర్రలైటు కింద ట్రేలో మెల్లగా తేలింది. తాటాకు చూరు ఈనె ఈనె లెక్కపెట్టొచ్చు. పలక మీద అరవై ఒకటి కాస్త అలికినట్టున్నా చదవడానికి వస్తోంది. మొహమైతే పెసరపిండి రాసుకున్నట్టుంది, కళ్ళెక్కడో ముక్కెక్కడో తెలియలేదు. ఆ రీల్లో అలాంటివి మొత్తం పన్నెండు.

అప్పుడు నాకు పిడి గుర్తొచ్చింది. జోర్కీలో రీలు వెనక్కి చుట్టే గుబ్బ కింద ఒక చిన్న పిడి ఉంటుంది. చూసేవాళ్ళ కంటికి తగ్గట్టు కిటికీని సరిచేసుకోవడానికి అది. నా కంటికి పిడి సరిగ్గా మధ్యలో ఉండాలి. రీలు ఎక్కించేటప్పుడల్లా ఒకసారి గోడమీది క్యాలెండరు చూసుకుని మధ్యలో పెట్టేదాన్ని. సాయంత్రానికి అది ఒక పక్కకి జరిగి ఉండేది. నెల కిందట కొంచెం జరిగేది. ఇప్పుడు చివరంటా పోయి, ఇంక తిరగడానికి చోటు లేక ఆగిపోయి ఉంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగేశాను. దాచుకునే ఓపిక నాకెప్పుడూ లేదు.

"నాన్నా, పన్నెండు ఫోటోలు పోయాయి. మొహాలు పడలేదు."

"ఎన్‌లార్జరు కదిలుంటాది."

"ఎన్‌లార్జరు కదిలితే ఇల్లు కూడా అలుక్కుపోవాల గదా? ఇల్లు బాగానే ఉంది."

"లెన్సు వదులైపోయుంటాది. ఎన్నేళ్ళైందో తెలుసా కొని?" నెత్తళ్ళ పులుసు ముందు చెయ్యి ఆగిపోయింది ఆయనకి. "నీకంటే పెద్దది అది."

పంతం వచ్చింది నాకు. కెమెరా తీసుకుని, పిడి మధ్యకి తిప్పి, పెరట్లో కత్తిపీట ముందు కూర్చున్న అమ్మని తీశాను. ఆ సాయంత్రమే కడిగాను. చేపపొలుసు అమ్మ ముంజేతికి అంటుకున్నది కూడా తెలిసింది. లెన్సుకేమీ రోగం లేదు.

పొద్దున్నే ముందుగదిలో, వీధి వెలుతురులో రెండు ప్రింట్లూ నాన్న ముందు పెట్టాను. ఒకటి చిలకమ్మ, ఒకటి అమ్మ. "ఇప్పుడు సెప్పు" అన్నాను. ఏం చెప్పినా కొట్టిపారెయ్యడానికి వంద మాటలు సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

నాన్న రెండూ చేతిలోకి తీసుకున్నాడు. దగ్గరగా పట్టుకున్నాడు, కాస్త దూరం జరిపాడు, వెలుతురుకి వంచాడు.

"రెండూ బాగానే ఉన్నాయి గదమ్మా" అన్నాడు. "దేనికి గొడవ?"

నా వంద మాటల్లో ఒక్కదానితోనూ పని లేకపోయింది. గెలవడానికి వచ్చి గెలిచాను, ఆ గెలుపు ఎవరికైనా ఇచ్చేసి పారిపోవాలనిపించింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ వచ్చి, ఆయన చేతిలోంచి ప్రింట్లు తీసుకుని, "ఇడ్డెన్లు సల్లారిపోతన్నాయి, రండి" అంది. నాన్న మా ఇద్దరి మొహాల వైపు మార్చి మార్చి చూశాడు. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

ఆయన లోపలికి వెళ్ళాక అమ్మ నా చెవిలో, "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది ఈయన వరస" అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా తాతకి కంటి ఆపరేషను చేశాక రెండో కన్ను కూడా పోయిందని, అప్పట్నుంచి నాన్న కళ్ళ డాక్టరంటే హడలిపోతాడని అప్పుడే చెప్పింది.

ఆ రాత్రికల్లా నాన్న ఉపాయం ఆలోచించుకున్నాడు. "ఆ పన్నెండూ మళ్ళీ తీసేద్దాం. మద్దేనం ఎండలో, లెన్సు కన్నం చిన్నది చేసి తీత్తే దూరం అటూ ఇటూ అయినా పడతాది" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడమే నాకు దెబ్బ. కాని జాలిపడి సరేనన్నాను. శనివారంలోగా ఫోటోలన్నీ ఆఫీసుకి చేరాలి, సోమవారం నుంచి ఊరు ఖాళీ.

గురువారం మిట్టమధ్యాహ్నం ఊళ్ళో దిగాం. నాన్న అడుగులు లెక్కపెట్టుకుని వెనక్కి జరిగేవాడు. "మూడు మీటర్ల మీద ఉందా సూడమ్మా" అని గొంతు తగ్గించి రింగు నాకు చూపించేవాడు. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ ఎందుకని అడిగితే, "ఆఫీసోళ్ళు ఇంకో కాపీ అడిగారు" అని చెప్పేవాడు. మూత అరచేతిలో పట్టుకుని నేను ఆ అబద్ధం పదకొండు సార్లు విన్నాను. ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా, అంత చక్కగా తీసే మనిషి బొగ్గుకళ్ళ ఫోటోలు తియ్యడం చూసి ఏడుపొచ్చింది.

పన్నెండోది చిలకమ్మ ఇల్లు. ఎండ కాస్త వాలాక వెళ్ళి చూస్తే ఇల్లు లేదు.

తాటాకు, దూలాలు, తలుపు అన్నీ ఊడదీసి నీలకంఠం బండి మీద కట్టి ఉన్నాయి. ఒక మొండిగోడ, దానికున్న దీపం గూడు మాత్రం మిగిలాయి. ఆ గోడ నీడలో చిలకమ్మ తపేలాలు మూట కట్టుకుంటోంది.

"నాను సాయం సేత్తాననే ఇప్పీసేను" అన్నాడు నీలకంఠం, మేమేమీ అడగకుండానే. "మా ఒదిన ఎలగూ మాతోటే ఉంతాది గదా."

చిలకమ్మ కొంచెం కూడా బెదరలేదు. "ఇప్పుకోనీ బాబూ. అడక్కండా ఇప్పీసేడు, నాను నీళ్ళకెళ్ళి వొచ్చేతలికి కప్పు నేదు. అయితే నాకేటి? నా ఇల్లు నీ ఫోటోలో ఉంది గదా. ఫోటో ఉన్నాక నాకు బయ్యమేటి?"

నాన్న నోట 'ఇంకో కాపీ' అన్న మాట రాలేదు. చుట్టూ పది మంది పోగయ్యారు.

"ఆ ఫోటోలో నీ ఇల్లు పడింది గాని నీ మొహం పడలేదమ్మా" అన్నాడు నాన్న. "తప్పు నాది. నాకు కళ్ళు సరిగ్గా కనపడతం లేదు. కొన్ని నెలలైంది."

నీలకంఠం బండి తాడు గట్టిగా లాగి ముడి వేశాడు. నాన్న మెడలోంచి కెమెరా తీసి నా మెడలో వేశాడు. మూత నా చేతిలోంచి తీసుకుని లెన్సుకి పెట్టేశాడు, పని ఆపేటప్పుడు ఎప్పుడూ చేసే అలవాటు అది.

"పుష్పా, పిడి నీ కంటికి తిప్పుకో" అన్నాడు.

తిప్పుకున్నాను. చివరంటా ఉన్న పిడి మధ్యకి రావడానికి అరక్షణం పట్టదు. చిలకమ్మని దీపం గూడు పక్కనే, మునుపు నిలబడిన చోటే, గోడ నీడలో నిలబెట్టాను. చేతికి మళ్ళీ అదే పలక ఇచ్చాను. లెన్సు బాగా తెరిచాను. మచ్చలో ఇద్దరు చిలకమ్మలు కనిపించారు. రింగు తిప్పాను, ఇద్దరూ జరిగి జరిగి ఒక్కరయ్యారు. ఇంత చక్కగా నాన్న కూడా కుదర్చలేడనుకుంటూ నొక్కాను. ఇంకోటి, ఇంకోటి.

"అమ్మా" అన్నాడు నాన్న పక్కనుంచి. చూస్తే అరచెయ్యి చాపి నిలబడి ఉన్నాడు, ఎప్పట్నుంచి నిలబడ్డాడో. "మూతేదీ?"

మూత లెన్సు మీదే ఉంది.

గొప్పకి పోతే తిప్పలు ఇలాగే వస్తాయి. కళ్ళున్నదాన్ని నాకు కనపడలేదు, కళ్ళు లేని మనిషికి ఖాళీ అరచెయ్యి చెప్పింది. జరిగింది అర్థమై చిలకమ్మ పలక గుండెలకి ఆనించుకుని పకపకా నవ్వింది. "బాగుంది మీ తండ్రీ కూతుళ్ళ యాపారం! ఒకరు మొకం ఒదిలేత్తారు, ఒకరు మూతే ఇప్పరు!" చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. నేను సిగ్గుతో చస్తూ మూత తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆ నవ్వు ఆగేలోపే నొక్కాను.

శనివారం ఆఫీసులో భీమశంకరరావు గారు ఆ రెండు ఫోటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. జాబితా రాసే ఆఫీసరు ఆయనే. మంచివాడే, కాని కాగితం మనిషి. బల్లకి అటు పక్క నీలకంఠం, ఇటు పక్క చిలకమ్మ.

"ఇందులో ఇల్లుంది, మనిషి తెలియట్లేదు. ఇందులో మనిషి ఉంది, ఇల్లు లేదు. నేనేమని రాసుకోనండి రత్నరాజు గారూ?"

"మా ఒదిన మా ఇంట్లోనే ఉంతాది బాబూ" అన్నాడు నీలకంఠం.

"గోడలో గూడు చూడండి సార్" అన్నాను నేను. "రెండిట్లోనూ అదే గూడు. దాని పక్కన అదే పగులు, చెట్టుకొమ్మలాగ పైకి పోయింది. ఆ ఇల్లు నిలబడ్డ చోటే ఆమె నిలబడింది."

ఆయన భూతద్దం తీసి చూశారు. చాలాసేపు చూశారు. "గోడ అదే. ఒప్పుకుంటాను. మొదటి ఫోటోలో ఉన్నది ఈమే అని ఎవరు చెప్పాలి?"

"నాను సెప్తాను" అన్నాడు నాన్న. "సెప్పడమేటి, రాసిత్తాను. పెన్నివ్వండి."

మసకగా ఉన్న ఫోటో తిరగేసి, కాగితం ముక్కుకి ఆనేంత వంగి, వంకర అక్షరాలతో రాశాడు. నేను ప్రతి మాటా చదివాను. 'అరవై ఒకటో నెంబరు ఇల్లు చిలకమ్మది. ఆమె తన గుమ్మం ముందు నిలబడగా నేనే తీసితిని. ఈ మసక నా కంటిది, ఆమెది కాదు. రత్నరాజు, ఫోటోగ్రాఫరు.'

భీమశంకరరావు గారు అది చదివి కళ్ళజోడు తీశారు. "ఇది ఫైల్లో ఉంటే ఇకమీదట మీకు ఆఫీసు పనులు రావడం కష్టమండీ."

"నాకు రాకపోనీండి. నాకు కళ్ళు నేవు" అన్నాడు నాన్న. తల తిప్పి నా వైపు వేలు చూపించాడు. "నా కూతురికున్నాయి. దానికివ్వండి."

పాతికేళ్ళ పైన ఫోటోలు తీశాను నేను ఆ తరవాత. మెప్పులు చాలానే వచ్చాయి. అంత గర్వం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

చిలకమ్మ పేరు జాబితాలో వేరే గీత మీదికెక్కింది. జూన్‌లో స్టూడియోకి వచ్చి, నవ్వుతున్న ఫోటో ఒకటి పటం కట్టించుకుని పట్టుకెళ్ళింది. "కొత్త గోడకి మొదటి మేకు దీనికే కొడతాను" అంది. వానలు మొదలయ్యాక అమ్మ నాన్నని దాదాపు చెవి పట్టుకుని తీసుకెళ్ళి ఆపరేషను చేయించింది. రెండో కన్ను పోలేదు. సోడాబుడ్డంత మందం కళ్ళద్దాలు వచ్చాయి. అవి పెట్టుకున్న మొదటిరోజు నాన్న చిలకమ్మ ప్రింటు, అమ్మ ప్రింటు అడిగి తెప్పించుకుని, ఒక్కొక్కటీ చూసి, "అబ్బో" అని మాత్రం అన్నాడు.

దసరా ముందు సీతమ్మధారలో ఒక పెళ్ళికి బయల్దేరుతున్నాం. నేను రీళ్ళు సర్దుకుని ముందుగదిలోకి వచ్చేసరికి, నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, జోర్కీ కంటికి పెట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. చాలాసేపు చూశాడు. ఆ పిడి మీదికి ఆయన వేలు వెళ్ళింది, కాసేపు దాని మీదే ఉంది. ఆయన తిప్పుకుంటే నేను మళ్ళీ వెనక నిలబడేదాన్నే, సంతోషంగానే నిలబడేదాన్ని.

వేలు తీసేశాడు. కెమెరా బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు సరిచేసుకుని, బయటికి నడిచాడు. నేను వెళ్ళి చూశాను. పిడి నా కంటికి పెట్టిన చోటే ఉంది.

"పుష్పా, బస్సెల్లిపోద్ది" అని వీధిలోంచి కేకేశాడు.

కెమెరా మెడలో వేసుకుని పరిగెత్తాను. పెళ్ళి పందిట్లోకి అడుగుపెట్టగానే, నేనడగకుండానే, నాన్న నా భుజం వెనక చేరి అరచెయ్యి చాపాడు.